శబ్దమునకు ద్వారపాలకుడు: నాయిస్ గేటు, ఎక్స్‌పాండరు

పగటివేళ మన ఇంటి గోడగడియారము చప్పుడు ఎవరికిని వినిపించదు. రాత్రి అందరు నిద్రించిన పిదప అదే గడియారము గదియంతయు మ్రోగునట్లు టిక్కుటిక్కుమనును. గడియారము రాత్రిపూట ఎక్కువ గట్టిగా కొట్టుకొనుట లేదు. పగలు దానికంటె బలమైన శబ్దములు దానిని కప్పివేయుచుండును. రాత్రి ఆ కప్పు తొలగును. బలమైన శబ్దము బలహీనమైన శబ్దమును చెవికి అందనీయకుండ చేయు ఈ గుణమును ఆచ్ఛాదనము అందురు. ఇప్పుడు చెప్పబోవు పరికరము పనిచేయునది ఈ గుణము ఆధారముననే.

మన చెవికి మరియొక సౌకర్యము కలదు. దాని వెనుక మెదడు ఉన్నది. ఫ్యాను తిరుగుచున్న గదిలో పాఠము వినుచున్న విద్యార్థి ఐదు నిమిషములలో ఫ్యాను సంగతి మరచిపోవును. పాఠము సంగతి కూడ మరచినచో అది వేరు విషయము. మైక్రోఫోనుకు మెదడు లేదు. గాలిలోని ఒత్తిడి మార్పులను విద్యుత్తుగా మార్చుట ఒక్కటే దానికి తెలిసిన పని. ఉపన్యాసకుని మాట, ఫ్యాను రొద, వీధిలోని ఆటో, ప్రక్కగదిలో కుర్చీ జరిపిన చప్పుడు, అన్నియు దానికి సమానమే. అందుచేతనే, గదిలో కూర్చున్నంతసేపు ఎవరును గమనింపని రొద మరునాడు రికార్డులో విన్నప్పుడు ఆశ్చర్యము గొలుపును.

మాట సాగుచున్నంతసేపు ఈ రొద అంతగా బాధింపదు. మాటయే దానిని కప్పివేయును. బాధించునది మాటకును మాటకును నడుమ వచ్చు విరామములలోనే. కనుక విరామము వచ్చినప్పుడు మైకు దారిని మూసి, మాట మొదలుకాగానే తెరచినచో చాలును గదా! ఈ పనిని తనంతట తానే చేయు పరికరమునకు నాయిస్ గేటు అని పేరు. పూర్వము ఇది స్టూడియోలో ఒక ఇనుప పెట్టెగా ఉండెడిది. నేడు కంప్యూటరులోను, సెల్‌ఫోనులోను ఒక లెక్కగా ఉన్నది. రూపము మారినను నియమము ఒక్కటే.

గేటునకు ఒక గడప ఉండును. వచ్చిన శబ్దము బలము ఆ గడపకంటె ఎక్కువైనచో తలుపు తెరచుకొనును, తక్కువైనచో మూసికొనును. శబ్దము మంచిదా చెడ్డదా అన్న విచక్షణ దానికి లేదు. దాని దృష్టిలో గట్టిగా ఉన్నదే మాట, మెల్లగా ఉన్నదే రొద. ఈ ఒక్క సంగతి మనసున ఉంచుకొన్నచో దాని ఉపయోగమును, దానివలన కలుగు అపకారమును చదువరులు తామే ఊహింపగలరు.

కొన్ని అంకెలు చూతము. రికార్డు యంత్రము మోయగల గరిష్ఠ బలమును సున్న డెసిబెల్‌గా పెట్టుకొని, అంతకు ఎంత తక్కువయో ఋణసంఖ్యలతో చెప్పుట ఆచారము. 6 డెసిబెల్‌ల తగ్గుదల అనగా తరంగపు ఎత్తు ఇంచుమించు సగమగుట. 20 తగ్గుట అనగా పదవ వంతు, 40 తగ్గుట అనగా నూరవ వంతు, 60 తగ్గుట అనగా వేయవ వంతు. ఒక గదిలో ఉపన్యాసకుని మాట సగటున −18 వద్దను, ఫ్యాను రొద −50 వద్దను ఉన్నవనుకొందము. రెండింటికి నడుమ −44 వద్ద గడప పెట్టినచో, మాట లోనికి వచ్చును. ఒంటరిగా మిగిలిన ఫ్యాను బయటనే నిలచిపోవును.

ఇంత సులభమైనచో వ్యాసము ఇచ్చటనే ముగియవలసినది. చిక్కు ఏమనగా, మాట ఎల్లవేళల −18 వద్ద ఉండదు. వాక్యము చివరకు వచ్చునప్పటికి ఊపిరి తగ్గును, స్వరము దిగును. చివరి అక్షరము −46కు జారిపోవచ్చును. అప్పుడు గేటు దానిని కూడ రొద అని తలచి తలుపు మూయును. తెలుగు అజంత భాష. మన పదములు చాలవరకు అచ్చుతో ముగియును, ఆ అచ్చు తరచు హ్రస్వమైన ఉకారమో ఇకారమో అయి పలుచగా పలుకును. అంతేకాదు, తెలుగు వాక్యములో అర్థమునకు కీలకము తరచు క్రియాంతమున ఉండును. వైద్యుడు ఫోనులో రోగితో, “ఈ మాత్ర పాలతో వేసుకోవచ్చు” అనినను, “ఈ మాత్ర పాలతో వేసుకోవద్దు” అనినను, తేడా చివరి అక్షరములోనే ఉన్నది. ఆ అక్షరమును గేటు మ్రింగినచో మిగులునది “వేసుకోవ…” మాత్రమే. వినువాడు తన ఇష్టము వచ్చినట్లు పూరించుకొనును. కావున గడపను అమర్చువారు వాక్యము నడుమ భాగము విని గాక, వాక్యాంతములను విని అమర్చవలెను. నా విద్యార్థులకు నేను చెప్పు మొదటి మాట ఇదియే.

పదము మొదట కూడ ఇట్టి ప్రమాదము కలదు. “హ” అను హల్లు ఉత్త గాలి. దాని బలము తరువాత వచ్చు అచ్చుకంటె ఎంతో తక్కువ. అచ్చు గడప దాటి తలుపు తెరచునప్పటికి హకారము వెలుపలనే జారిపోవును. అప్పుడు “హరి” అన్న పదము “అరి”గా రికార్డగును. దేవుని పేరు శత్రువు అను అర్థమునకు మారుటకు వెయ్యిలో కొన్ని వంతుల సెకను చాలును!

ఈ ఇబ్బందులను తగ్గించుటకే గేటునకు గడప గాక మరికొన్ని మీటలు అమర్చినారు. వానిలో మొదటివి కాలమునకు సంబంధించినవి: తలుపు ఎంత వేగముగా తెరువవలెను, శబ్దము తగ్గిన పిదప ఎంతసేపు తెరచి ఉంచవలెను, ఆ పిమ్మట ఎంత నెమ్మదిగా మూయవలెను. స్టూడియోవారు వీనిని అటాక్, హోల్డ్, రిలీజ్ అందురు. తెరచు వేగము ఎంత ఎక్కువైన అంత మంచిదని తోచును గాని, అది పూర్తిగా నిజము కాదు. నిశ్శబ్దమునుండి ఒక్కసారిగా తరంగము నడుమకు దూకినచో అచ్చట నిటారు మెట్టు ఏర్పడును. అట్టి మెట్టులో అన్ని పౌనఃపున్యములు కలిసియుండునని ఫూరియే గణితము చెప్పుచున్నది. చెవికి అది “టక్” అని వినిపించును. మంద్రస్వరములకు ఈ బాధ మరియు ఎక్కువ. సెకనుకు 50 కంపనములు చేయు శబ్దములో ఒక్క కంపనమునకు 20 మిల్లీసెకనులు పట్టును. గేటు అంతకంటె వేగముగా తెరచుచు మూయుచు ఉన్నచో, అది శబ్దపు బలమును గాక ఒక్కొక్క తరంగపు ఆకారమునే అనుసరించి, దానిని చెరుపును. మాటకు ఒకటి రెండు మిల్లీసెకనులలో తెరచి, నూరు రెండు వందల మిల్లీసెకనులు పట్టి ఉంచి, మెల్లగా మూయుట చాలవరకు సరిపోవును. కాని ఇది పుస్తకములోని అంకె. చెవి చెప్పినదే తుది నిర్ణయము.

కంప్యూటరు వచ్చిన పిదప ఒక తెలివైన ఉపాయము సాధ్యమైనది. శబ్దమును కొన్ని మిల్లీసెకనులు ఆపి ఉంచి, రాబోవు దానిని ముందుగానే చూచి తలుపు తెరచుట. అప్పుడు హకారము నష్టము కాదు. 5 మిల్లీసెకనుల ఆలస్యమనగా గాలిలో ధ్వని సుమారు 1.7 మీటరులు నడుచు కాలము. అనగా వక్త ఒక బారు వెనుకకు జరిగి నిలిచినట్లే. వినువానికి తేడా తెలియదు.

శబ్దము గడప దగ్గరనే అటునిటు ఊగులాడుచున్నచో మరియొక వింత జరుగును. తలుపు టపటప కొట్టుకొనును. దీనికి విరుగుడు రెండు గడపలు పెట్టుట. తెరచుకొనుటకు −40, మూసికొనుటకు −46 అని పెట్టినచో, నడుమ ఎంత ఊగినను తలుపు కదలదు. ఇంటిలోని ఫ్రిజ్ ఒక ఉష్ణోగ్రత వద్ద పనికి దిగి, వేరొక ఉష్ణోగ్రత వద్ద ఆగుట కూడ ఈ సూత్రముతోనే.

ఇక ఎక్స్‌పాండరు సంగతి. గేటు కఠినుడైన కాపరి. తెరచుట, మూయుట తప్ప మూడవది ఎరుగడు. ఎక్స్‌పాండరు మర్యాద తెలిసినవాడు. గడపకు దిగువనున్న శబ్దమును అది పూర్తిగా ఆపదు. ఎంత దిగువనున్నదో దానినిబట్టి మరింత దిగువకు నెట్టును. నిష్పత్తి 1:2 అనగా గడపకు ఒక డెసిబెల్ దిగువనున్నది రెండు డెసిబెల్‌లు దిగువకు పోవును. మన −44 గడపనే తీసికొందము. −50 వద్దనున్న ఫ్యాను ఆరు డెసిబెల్‌లు దిగువ. అది పండ్రెండు దిగువకు, అనగా −56కు దిగును. నిష్పత్తి 1:4 అయినచో −68కు దిగును. మరి −46కు జారిన చివరి అక్షరము? 1:2 నిష్పత్తితో అది −48 మాత్రమే అగును. పలుచబడునే గాని పోదు. గేటు చేతిలో ఆ అక్షరమే పూర్తిగా అంతరించియుండెడిది. మాటలకును, మెల్లని సంగీతమునకును గేటు కంటె ఎక్స్‌పాండరే మేలని నా అభిప్రాయము. బలమైన దానిని తగ్గించి, బలహీనమైన దానికి దగ్గర చేయు కంప్రెసరు అను పరికరమునకు ఇది సరిగా ఎదురు. శబ్దముల ఎచ్చుతగ్గుల నడుమ దూరమును అది కుదించును, ఇది విస్తరించును.

ఈ రెండింటిని జంటగా వాడుట రికార్డులకంటె ముందు టెలిఫోనులో వచ్చినది. న్యూయార్కు, లండను నగరముల నడుమ రేడియో టెలిఫోను 1927 జనవరి 7న ప్రారంభమయ్యెను. అట్లాంటిక్ సముద్రముమీద మెరుపులవలన కలుగు చిటపటలలో మెల్లని మాటలు మునిగిపోవుచుండెను. బెల్ సంస్థ ఇంజనీర్లు మాటను పంపుటకు ముందు కంప్రెసరుతో దాని ఎచ్చుతగ్గులను కుదించి, అందుకొన్న ఒడ్డున ఎక్స్‌పాండరుతో తిరిగి విస్తరించినారు. మాట తన మొదటి రూపమునకు వచ్చును. దారిలో కలిసిన రొద మాత్రము విరామములలో క్రిందికి నెట్టబడును. ఈ జంటకు కంపాండరు అని పేరుపెట్టి 1934లో మేథిస్, రైట్ అనువారు వివరించినారు. టేపు రికార్డులలోని “స్‌స్” అను బుసను అణచుటకు తరువాతివారు పట్టుకొన్నది ఈ దారినే. వారిలో ప్రసిద్ధుడైన రే డాల్బీ 1963 నుండి 1965 వరకు యునెస్కో సలహాదారుగా మన దేశములో పనిచేసెను. ఇచ్చటినుండి వెళ్లి 1965లో లండనులో తన సంస్థను స్థాపించెను. శబ్దమును నాలుగు పౌనఃపున్య భాగములుగా విడదీసి, ఒక్కొక్క దానిని విడిగా కుదించి విస్తరించుట ఆయన మొదటి పద్ధతిలోని విశేషము.

సంగీతపు స్టూడియోలో గేటు నిజముగా రాణించునది డ్రమ్ములవద్ద. డ్రమ్ములకు ఒక్కొక్క దానికి ఒక్కొక్క మైకు పెట్టుదురు. పాటయంతటిలో నాలుగైదుసార్లు మాత్రమే మ్రోగు డ్రమ్ము ఒకటి ఉండును. మిగిలిన కాలమంతయు దాని మైకు ప్రక్కనున్న తాళముల చప్పుడునే పట్టుచుండును. దానికి గేటు పెట్టినచో, దెబ్బ పడినప్పుడే తెరచుకొని వెంటనే మూసికొనును. దెబ్బ బలము తాళముల బలముకంటె ఎంతో ఎక్కువ కనుక గడపను ఎచ్చట పెట్టవలెనన్న సందేహమే రాదు. ఒకవేళ తాళపు తీవ్రస్వరము తలుపును తెరచుచున్నచో, గేటు “వినెడి” దారిలో ఒక వడపోత పెట్టి, మంద్రస్వరములను మాత్రమే విని నిర్ణయింపుమని దానికి చెప్పవచ్చును. లోనికి పోవు శబ్దము వేరు, తలుపు తెరచుటకు ఆజ్ఞ ఇచ్చు శబ్దము వేరు కావచ్చునన్న మాట.

లోపమును కప్పుటకు పుట్టిన పరికరము ఒక అలంకారముగా మారిన కథ కూడ ఇచ్చటిదే. లండనులోని టౌన్‌హౌస్ స్టూడియోలో వాద్యకారులతో ఇంజనీరు మాటలాడుకొనుటకు ఒక మైకు ఉండెను. దానికి గట్టి కంప్రెసరు తగిలించియుండిరి. ఒకనాడు ఆ మైకు గుండా ఫిల్ కాలిన్స్ డ్రమ్ములు వినవచ్చినవి. గది ప్రతిధ్వని ఉప్పొంగి, గేటు దానిని కత్తితో కోసినట్లు ఆపెను. ఇంజనీరు హ్యూ పాడ్గమ్ దానిని వదలలేదు. 1980లో పీటర్ గేబ్రియల్ “ఇంట్రూడర్” పాటలోను, 1981లో కాలిన్స్ “ఇన్ ది ఎయిర్ టునైట్” పాటలోను ఆ ధ్వని లోకమునకు వినిపించినది. పెద్ద గదిలో మ్రోగిన శబ్దము మెల్లగా చావవలెను. ఇది విశాలముగా మ్రోగి తటాలున చచ్చును. ప్రకృతిలో అట్టి గది ఎచ్చటను లేదు. ఆ దశాబ్దమంతయు ఎందరో దానిని అనుకరించినారు.

డ్రమ్ములకు మేలు చేసినది వీణకు కీడు చేయును. వీణపై ఒక్కసారి మీటి, ఆ తంత్రిని మెట్టుపై లాగుచు రెండు మూడు స్వరములు పలికింతురు. మీటు బలముగా ఉండును. దాని వెనుక వచ్చు గమకము నానాటికి సన్నగిల్లు నాదముపైననే నడచును. గడపను కొంచెము ఎత్తుగా పెట్టినచో, మీటులన్నియు దక్కును, గమకములు పోవును. మిగులునది రాగము కాదు, రాగపు ఎముకలు. తంబుర విషయములో మరియొక చిక్కు. గాయకుని మైకులోనికి తంబుర శ్రుతి కూడ వచ్చుచుండును. గాయకుడు పాడినప్పుడు తలుపు తెరచుకొని శ్రుతి పెరుగును, ఆపినప్పుడు తగ్గును. ఎడతెగక నిలువవలసిన శ్రుతి ఊపిరి పీల్చుచున్నట్లు ఉబ్బుచు తగ్గుచు ఉండును. మన సంగీతమునకు, తప్పనిసరియైనప్పుడు తప్ప, గేటు పనికిరాదు. 2020లో కోవిడ్ కారణముగా సంగీత పాఠములు తెరలమీదికి వచ్చినప్పుడు, కొంతసేపటికి తంబుర తానే క్షీణించిపోవుట పలువురికి అనుభవమైనది. ఆ సాఫ్ట్‌వేరులు మారక నిలచియుండు శబ్దమును రొదగా లెక్కించును. పాపము, శ్రుతికి ఉన్న గుణమే అది. అట్టి సాఫ్ట్‌వేరులలో “అసలు ధ్వని” అను అర్థముగల మీట ఉన్నచో, పాఠము మొదలుపెట్టుటకు ముందే దానిని వెదకి పెట్టుకొనవలెను.

తలుపును పూర్తిగా మూయుట కూడ ఎల్లప్పుడు అవసరము కాదు. ఫోనులో అవతలి వైపు గది శబ్దము ఒక్కసారిగా మాయమైనచో మనము వెంటనే “హలో, హలో, ఉన్నారా?” అందుము. జి.ఎస్.ఎమ్. సెల్‌ఫోనులు మాటలాడనప్పుడు ప్రసారమును ఆపి బ్యాటరీని పొదుపు చేయును. అప్పుడు వినువానికి సందేహము కలుగకుండ అవతలి ఫోను తానే కొంచెము కృత్రిమమైన రొదను తయారుచేసి వినిపించును! రొదను తొలగింప బయలుదేరినవారు రొదను తయారుచేయవలసి వచ్చినది. కావున గేటు మూసినప్పుడు 10 నుండి 15 డెసిబెల్‌లు మాత్రమే తగ్గునట్లు తలుపును ఓరగా ఉంచుట మంచిది. రొద తగ్గును, గది మిగులును.

సభలలో గేటు ఉపయోగము వేరు. వేదికమీద ఎనిమిది మైకులు తెరచియున్నచో, ఒక్క మైకు ఉన్నప్పటికంటె గది రొద 9 డెసిబెల్‌లు ఎక్కువగా పోగగును. మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారి 3 చొప్పున. కూత పెట్టుటకు కూడ ఇదియే కారణము. మాటలాడువాని మైకును మాత్రమే తెరచి ఉంచు గేట్లు ఇచ్చట గొప్ప సహాయము.

గేటు చేయలేని పని ఒకటి కలదు. తలుపు తెరచియున్నంతసేపు రొద మాటతో కలిసి లోనికి వచ్చుచునే ఉండును. రొద మాటకు సమీపముగా ఉన్నచో గడప పెట్టుటకు చోటే ఉండదు. అట్టిచోట పరికరమును వెదకుటకు ముందు మైకును జరుపవలెను. నోటికి 40 సెంటీమీటరుల దూరమున ఉన్న మైకును 10 సెంటీమీటరులకు తెచ్చినచో మాట 12 డెసిబెల్‌లు పెరుగును. దూరముననున్న ఫ్యాను రొద మారదు. ఖర్చు లేదు. నోటికి ఎదురుగా గాక కొంచెము ప్రక్కగా పెట్టినచో ప, బ అక్షరముల గాలి దెబ్బ కూడ తప్పును.

పల్లెలలో పెద్దవారి పాటలను, మాటలను ఫోనులలో రికార్డు చేయు విద్యార్థులు ఇప్పుడు చాలమంది ఉన్నారు. వారు రికార్డు చేయునప్పుడు గేటును, రొదను తీసివేయు సౌకర్యములను కట్టివేయవలెను. గేటు కోసివేసిన అక్షరమును ఏ యంత్రమును తిరిగి తేలేదు; రికార్డైన రొదను మాత్రము ఎప్పుడైనను తగ్గింపవచ్చును. ముసలమ్మ పాటలోని చివరి అక్షరము నేడు మనకు తెలియకపోయినను, రేపు వినువానికి తెలియవచ్చును. అసలు ప్రతిని అట్లే భద్రపరచి, వేరొక ప్రతిమీదనే గేటును ప్రయోగింపవలెను. పాట ముగిసిన పిదప ఎవరును మాటలాడకుండ ఒక అర నిమిషము ఆ చోటి నిశ్శబ్దమును కూడ రికార్డు చేసికొన్నచో, గడపను ఎచ్చట పెట్టవలెనో కొలిచి చూచుటకును, కత్తిరించిన చోట్లను పూడ్చుటకును అది ఉపయోగపడును.